వాకిట్లో సంచి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జపాను ప్రయాణ విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. మా అబ్బాయి కాపురం టోక్యో శివార్లలో, ఎదొగావా వార్డులోని నిషి కసాయ్‌లో. అక్కడ మెట్రో స్టేషను 1979లో తెరిచారు. 2000 సంవత్సరం కంప్యూటర్ల చిక్కు విప్పడానికి వెళ్లిన మనవాళ్లు ఆఫీసులకు దగ్గరని అక్కడే స్థిరపడ్డారు. సాయంత్రం పార్కులో కూర్చుంటే తెలుగు వినబడుతుంది.

ఆ వార్డులో సుమారు 70 శాతం నేల పోటు వేళ సముద్ర మట్టానికి దిగువ. పడమట ఉన్న అరకావా 1910 వరదల తరువాత తవ్విన పాయ, 1930కి పూర్తయింది. 2019లో వార్డు కార్యాలయం ఇంటింటికీ వరద పటం పంచింది. పెద్ద వరదొస్తే ఇక్కడ ఉండవద్దు, వార్డు దాటి పొండి అని అట్టమీదే అచ్చువేశారు. ఏ సర్కారైనా అంత నిక్కచ్చిగా చెబుతుందా అని ఆశ్చర్యపోయాను.

రెవెన్యూ గుమాస్తాగా తుఫానులప్పుడు నేనూ ముక్కాం, చేపలకంచేరు వెళ్లి ఖాళీ చేయమనేవాణ్ణి. "వలలు ఒగ్గీసి ఎటెల్తాం బాబూ?" అని ఒక ముసలమ్మ అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఊరందరికీ చెప్పిన నేను 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నాడు ఇల్లు కదల్లేదు. పెంకులు లేచిపోయాయి. పి.పి.ఓ., సర్వీసు కాగితాలు తడిసి ముద్దయ్యాయి. నకళ్ల కోసం నెలల తరబడి తిరిగాను.

సరిగ్గా ఐదేళ్లకు, 2019 అక్టోబరు 12న, హగిబిస్ తుఫాను జపాను తీరం దాటింది. ఆనాడు మావాళ్లు ముందే కదిలారట. "ఇంత పల్లంలో ఎందుకురా, మన ఊరొచ్చేయ్" అన్నాను. వాడు వాకిట్లో ఉన్న సంచి చూపించాడు. నీళ్లు, మందులు, టార్చి, కాగితాల నకళ్లు. "మా సంచి ఇదుగో. నీ సంచి ఏది నాన్నా?" అన్నాడు. నోట మాట రాలేదు.

2023లో మన విమానాశ్రయానికి శంకుస్థాపన అయింది. చుట్టూ ప్లాట్లు వేస్తున్నారు. గజం ధర అడుగుతున్నాం గాని, వాన నీరు ఎటు పోతుందని అడగడం లేదు. మన పిల్లలు కొనేముందు ఆ ప్రశ్న మనమే వేయాలి.

తిరిగొచ్చిన మర్నాడే పి.పి.ఓ., బ్యాంకు పుస్తకం, జంట ఫోటో ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచిలో సర్దాను. ఎక్కడుందో మా ఇంటావిడకు చూపించాను. మన తరువాత ఫ్యామిలీ పెన్షన్‌కు తిరగవలసింది వాళ్లే గదా! మీరూ ఇవాళ ఇంటికెళ్లగానే ఆ పని చేయండి.