రంగూను పతనము – మన కోరంగీలు
(అమలాపురమున నొక సభలో చేసిన ప్రసంగము)



యుద్ధచరిత్రలు చదువునపుడు మనము సేనానుల పేళ్లను, పట్టుబడిన పట్టణములను లెక్కించుచుందుము. ఆ పట్టణములలో మూటలు మోసినవారెవరో, సేనలు వెనుకకు మరలినపుడు వారేమైరో విచారింపము. కోనసీమవారమగు మనకీ విచారణ పరాయిది కాదు. గౌతమికావలనున్న కోరంగి రేవు పేరుమీదనే బర్మావారు మన కూలీలను 'కోరంగీ'లనిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి పోయిన యీ కూలీల రెక్కల కష్టముననే రంగూను రేవును, బియ్యపు మిల్లులును నడచుచుండెను.

1941 డిసెంబరు 8న జపాను సేనలు మలయాలోని కోటబారువద్ద దిగినవి. డెబ్బది దినములైన గడువకమున్నే, 1942 ఫిబ్రవరి 15న, సింగపూరు లొంగిపోయెను. అంతలో మఱియొక సేన సయామునుండి బర్మాలో చొరబడి, జనవరి కడపట మౌల్మీనును గైకొనెను. ఫిబ్రవరి 23 వేకువను సిట్టాంగు వంతెనను బ్రిటిషువారే పేల్చివేసిరి. 17వ భారత డివిజనులో పెక్కుభాగ మావలి యొడ్డుననే చిక్కువడెను. ఈదగలిగినవారు గట్టెక్కిరి, ఎందరో నదిపాలైరి. మార్చి 8న రంగూను జపానువారి వశమయ్యెను.

సేనకు వెనుకకు మరలుటకైన నాజ్ఞ యుండెను. కూలికి అదియు లేదు. 1941 డిసెంబరు 23న రంగూనుపై తొలి బాంబులు పడినప్పుడు వీథులలో, రేవులో ననేకులు మడిసిరి. ఓడ దొరకనివారు, టిక్కెట్టు కొనజాలనివారు లక్షలకొలదిగా కాలినడకను బయలుదేరిరి. కొందరు అరకానుమీదుగా చిట్టగాంగునకు, కొందరు చింద్విను దాటి మణిపురమునకు నడచిరి. కలరాకును, ఆకలికిని బలియైనవారి లెక్క సరిగా వ్రాసినవారు లేరు. తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి యను పక్షపాతమును మన జాతీయనాయకు లానాడే ఖండించిరి.

యుద్ధము మన గడపకును వచ్చెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు పడినవి. బర్మాబియ్యము రాక నిలిచిపోయెను. 1943 వంగదేశపు క్షామమునకు గల కారణములలో నిదియు నొకటి.

యుద్ధమున నోడుట యే రాజ్యమునకైనను సంభవింపవచ్చును. తన లాభమునకై సముద్రము దాటించిన ప్రజను ఆపదవేళ దారిలో విడుచుట మాత్రము క్షమింపరాని దోషము. 1990లో ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు స్వతంత్రభారతము లక్షకు మించిన తన ప్రజలను విమానములపై నింటికి చేర్చెను. స్వపరిపాలన యనగా నేమో తెలియుటకు ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన చాలును.

నేడును కోనసీమ బిడ్డలు గల్ఫుదేశములకు పోవుచున్నారు. కావున యువకులకొక మనవి. మీ గ్రామములలో వృద్ధుల నడిగి, 'రంగం' పోయి తిరిగిరాని వారి పేళ్లను వ్రాసికొనుడు. సేనానుల పేళ్లు చరిత్రలో నున్నవి; వీరి పేళ్లు ఇండ్లలోనే యున్నవి. ఆ ముదుసలులతోపాటు అవియు పోకమున్నే పదిలపరచుడు.