గ్రీన్‌లాండు మంచు జమాఖర్చు



ఉత్తరధ్రువమునకు చేరువలో గ్రీన్‌లాండు అను పెద్ద దీవి గలదు. దానిపై 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మంచు పేరుకొని యున్నది. కొన్నియెడల దాని మందము 3 కిలోమీటర్లకు పైమాటే. అది ఒకనాటి సంపాదన కాదు. ఏటేట కురిసిన మంచు కరగక నిలిచి, పైబరువునకు అదిమిపడి, వేలయేండ్లకు ఇంత నిలువ యైనది. 1930-31 శీతకాలమున ఎర్నెస్ట్ సోర్గె యను జర్మను శాస్త్రజ్ఞుడు ఆ మంచు నడుమ 15 మీటర్ల గొయ్యి త్రవ్వి, దాని గోడలలో ఏటేటి పొరలను పరిశీలించెను. ఆ యాత్రకు నాయకుడైన ఆల్ఫ్రెడ్ వెగెనరు నడిమంచులోని మకామునకు సామగ్రి చేర్చి మరలివచ్చుచు 1930 నవంబరులో మరణించెను. లెక్క వ్రాయుట ఎల్లచోట్ల నీడపట్టున కూర్చుండి చేయు పని కాదు గదా!

ఈ ఖాతాకు జమ హిమపాతమే. ఖర్చులు ముఖ్యముగా రెండు: వేసవిలో ఉపరితలము కరగి పారుట, తీరమున హిమనదములు విరిగి సముద్రమున పడుట. 1970 దశకమున జమాఖర్చులు ఇంచుమించు సరితూగెను. 2002 నుండి ఉపగ్రహములు భూమి యాకర్షణలోని మార్పులనుబట్టి ఈ నిలువను తూచుచుండగా, సగటున ఏటికి సుమారు 27 వేల కోట్ల టన్నుల తరుగు తేలినది.

బొగ్గు, చమురు కాల్చుటవలన గాలి వేడెక్కుట మూలకారణము. అయితే కరగుటయే కరగుటను పెంచు తీరు గమనింపదగినది. క్రొత్తమంచు సున్నము కొట్టిన గోడవలె, తనపై బడిన వెలుగులో నూటికి 80 పాళ్లకు పైగా త్రిప్పికొట్టును. అది కరగి పాతగడ్డ బయటపడెనా, ఆ నల్లని గడ్డ వేడిని మ్రింగి మరింత కరగును. ఎత్తు తగ్గినకొలది పైగాలియు వెచ్చనగును. మంచుపొరలలో సందులున్నంతకాలము కరగిన నీరు వానిలో ఇంకి మరల గడ్డకట్టును. సందులు నిండిన పిమ్మట నీటికి దారి సముద్రమే.

2012 జూలైలో కొలదిదినములు దాదాపు ఉపరితలమంతయు చెమ్మగిల్లెను. 2021 ఆగస్టు 14వ తేదీని, 3,200 మీటర్ల యెత్తున గల నడినెత్తిపై మంచు గాక వాన కురిసెను. అచ్చటి పరిశీలనలలో అట్టిది అదే మొదలు.

ఈ మంచంతయు కరగుటకు శతాబ్దములు చాలవు. కరగినచో సముద్రము సగటున 7 మీటర్లు లేచును. ఇందొక వింత యున్నది. ఇంత మంచు తన యాకర్షణచే సముద్రజలమును తనవైపు లాగుకొని యుండును. మంచు తరిగినకొలది ఆ పట్టు సడలి, గ్రీన్‌లాండు దరిని నీరు తగ్గును. దూరపు ఉష్ణమండల తీరములకు సగటుకంటె కొంత హెచ్చుగా చేరును. మన కోనసీమ, దివిసీమ తీరములు ఈ రెండవ పద్దులోనివి.