బండి ఇచ్చినప్పుడల్లా కాయితం తీసుకోండి
(హమద్ టౌన్‌లో శుక్రవారం కలిసినప్పుడు ఒక అన్న మాట్లాడింది)



ఇక్కడ ఎండల పనిచేసి పైసలు పంపితే, ఇంటికాడ నా భార్య కొత్త స్కూటర్ కొన్నది. మూడు నెలల్ల ఐదుసార్లు రోడ్డు మీద ఆగింది. షోరూమోళ్లు ప్రతిసారి "అయిపోయిందమ్మా, తీస్కపో" అన్నరు. కాయితం ఇయ్యలే. నేను ఫోన్ చేసి గట్టిగ అడిగితే, "మీ బండి ఒక్కసారే వచ్చింది" అన్నరు. మా దగ్గర రుజువేది?

ఆరోసారి జాబ్ కార్డు చేతికి ఇచ్చేదాక నా భార్య అక్కడినుంచి కదల్లేదు. తేదీ, కిలోమీటర్లు, ఏం చెడిందో అన్నీ రాయించి, ఫోటో నాకు పంపింది. మీరు కూడా ఇంట్లోవాళ్లకు ఇదే చెప్పండి.

షోరూమోళ్లు వినకపోతే ఇండియాలో 1915 నంబరుకు ఫోన్ చేయాలి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. షోరూమ్ వేరే జిల్లాలో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. బండి ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకున్నా నడుస్తది. కానీ 2 ఏళ్ల లోపే వేయాలి.

ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు బిల్లు, జాబ్ కార్డులు ఎక్కడున్నయో అడగండి.