బడి గడప దగ్గర ఆగిపోయే మాటలు



పొద్దున్నే లేచి, పొయ్యి వెలిగించి, టిఫిను డబ్బాలు సర్ది, జడలు వేసి, బూట్లు తొడిగించి పిల్లల్ని బడికి పంపేసరికి మనకు సగం రోజు గడిచినంత అలసట. ఆటో మలుపు తిరగ్గానే హమ్మయ్య అనుకుంటాం. సాయంత్రం వాళ్ళు రాగానే మనం అడిగేవి మూడే మూడు ప్రశ్నలు: డబ్బా ఖాళీ చేశావా? హోంవర్కు ఏమిచ్చారు? మార్కులెన్ని? "ఇవాళ బడిలో నోరు విప్పి ఎవరితోనైనా మాట్లాడావా?" అన్న నాలుగో ప్రశ్న మాత్రం మనకు తట్టదు. మాట్లాడకేం చేస్తారు, గొంతు పోయేలా అరుస్తూనే ఉంటారు కదా అంటారు మీరు. నిజమే. కానీ బడిలో రోజంతా పెదవి విప్పని పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళకు జ్వరం లేదు, తెలివికి లోటు లేదు. వాళ్ళ ఇంటి మాట బడి గడప దగ్గరే ఆగిపోతుంది. అంతే. ఈవేళ ఆ పిల్లల గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఈ ముచ్చట చెప్పడానికి నాకు పాలకుర్తి కంటే తగిన ఊరు తోచలేదు. వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో కొత్త జిల్లాలు వచ్చాక జనగామ జిల్లాలో చేరిన ఊరిది. కాకతీయుల కాలంనాటి పాల్కురికి సోమనాథకవి ఊరుగా దీనికి పేరు. పండితులు సంస్కృత సమాసాలతో కావ్యాలు అల్లుతున్న రోజుల్లో ఆయన సామాన్య జనం పాడుకోవడానికి వీలైన ద్విపదను పట్టుకున్నాడు. అందరికీ తెలిసే జాను తెనుగులో 'బసవపురాణం' చెప్పాడు. బట్టలుతికే మడివేలు మాచయ్యను, వేటాడి బతికే కన్నప్పను కథానాయకులను చేశాడు. ఇంట్లో మాట్లాడే మాటకు కావ్యంలో పీట వేశాడన్న మాట.

ఆ పురాణంలోనే బెజ్జమహాదేవి కథ ఉంది. మీలో చాలామంది వినే ఉంటారు. శివుడికి తల్లి లేదని ఆవిడకు ఎక్కడలేని దిగులు పట్టుకుంటుంది. తల్లే ఉంటే బిడ్డను విషం తాగనిస్తుందా, వల్లకాట్లో తిరగనిస్తుందా అని వాపోయి, తానే తల్లినవుతానని పూనుకుంటుంది. నలుగు పెట్టి, నీళ్ళు పోసి, పాలు పట్టి సాకుతుంది. భక్తి సంగతి అలా ఉంచి, తల్లి చూపు ఎలా ఉంటుందో చూడండి. లోకం దేవుడని దండం పెట్టే చోట ఆవిడకు దిక్కులేని పసివాడు కనిపించాడు. బడిలో మూలన కూర్చున్న పిల్లను చూసినప్పుడు 'మొద్దు' అనుకోవడం ఒక చూపు, 'ఈ బిడ్డకేం కష్టమొచ్చిందో' అనుకోవడం ఇంకొక చూపు. ఆ రెండో చూపే మన బళ్ళకు ఇప్పుడు కావలసింది.

పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్ళతో పాటు లంబాడీ తండాలు కూడా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి తెలంగాణ ప్రాంతంలో లంబాడీలు 20 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ళ ఇంటి భాష గోర్‌బోలి. దానికి సొంత లిపి లేదు కానీ పాటకూ, సామెతకూ, కథకూ కొదవ లేదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు అమ్మ అంటే 'యాడి', నాన్న అంటే 'బా', నీళ్ళంటే 'పాణి', రొట్టె అంటే 'బాటి'. అయిదేళ్ళు ఈ మాటలతో పెరిగిన పిల్లను ఒకనాడు పొద్దున తలకు నూనె రాసి బడికి పంపిస్తారు. అక్కడ టీచరమ్మ "నీళ్ళు తాగుతావా?" అని ఎంతో ప్రేమగానే అడుగుతుంది. పిల్లకు ఆ మాట కొత్త. దాహమవుతున్నా తల అడ్డంగా ఊపుతుంది. 'అ' అంటే అమ్మ అని పలక మీద రాస్తారు. అమ్మ బొమ్మను గుర్తుపడుతుంది గానీ ఆ పేరు తనకు తెలిసిన అమ్మది కాదు. మిగతా పిల్లలు ఒక్క అక్షరం నేర్చుకుంటుంటే ఆ పిల్ల అక్షరాన్నీ, మాటనీ, భయాన్నీ ఒక్కసారిగా మోయాలి. పది రోజులు అలా జరిగితే కడుపునొప్పి అంటుంది. నెల గడిస్తే తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి దగ్గరే ఉండిపోతుంది. చదువు మానేసిందని మనం అంటాం. మనం మాన్పించామని ఎవరూ అనరు.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఒక మంచి పని మొదలుపెట్టారు. బంజారా, గోండి, కోయ, కొలామి, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారుచేశారు. అక్షరాలు తెలుగువే, మాటలు మాత్రం పిల్లల ఇంటివి. ముందు తెలిసిన మాటతో చదవడం వస్తుంది, ఆ తర్వాత మెల్లమెల్లగా తెలుగు, పై తరగతుల్లో ఇంగ్లీషు వస్తాయి. ఈత నేర్పేటప్పుడు ముందు మోకాలి లోతు నీళ్ళలోనే కదా దింపుతాం, ఇదీ అంతే. అయితే పుస్తకం ఒక్కటే చాలదు. ఆ పుస్తకం పట్టుకుని ఆ భాషలో పలకరించే మనిషి కావాలి. టీచరుకు ఆ భాష రాకపోయినా ఫరవాలేదు, ఓ ఇరవై మాటలు నేర్చుకుంటే చాలు. "పాణి కావాలా?" అన్న ఒక్క ప్రశ్నతో ఆ పిల్ల ముఖంలో దీపం వెలుగుతుంది.

మరి ఇంగ్లీషు సంగతేమిటని మీరడగవచ్చు. ఇంగ్లీషు రావాలి, అందులో సందేహం లేదు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బళ్ళలో కింది తరగతుల నుంచే ఇంగ్లీషు మీడియం తెచ్చారు. పిల్లలు తికమకపడకుండా ఒక పుటలో తెలుగు, ఎదురుపుటలో ఇంగ్లీషు ఉండే పుస్తకాలు అచ్చువేశారు. మెచ్చుకోవలసిన ఏర్పాటే. కానీ తండా పిల్ల ఆ పుస్తకం తెరిచినప్పుడు రెండు పుటలూ పరాయివే! ఒక పుటతో ఇంకొక పుట అర్థమవుతుందని మనం అనుకున్నది ఆ పిల్లకు వర్తించదు. అందుకే ఆ పిల్లకు మనిషి సాయం ఇంకా ఎక్కువ కావాలి.

ఇదంతా తండా సంగతి, మాకేమిటి అనుకోకండి. తెలుగే మాట్లాడే పిల్లలకు కూడా ఈ బాధ తప్పలేదు. ఇంట్లో అంగీ తొడుక్కుని, ఉల్లిగడ్డ కూర తిని, సోపతిగానితో ఆడుకుని వచ్చిన పిల్లవాడికి బడిలో చొక్కా, ఉల్లిపాయ, స్నేహితుడు అనాలని నేర్పారు. అంతవరకు బాగానే ఉంది, రెండు మాటలు తెలియడం మంచిదే. 'అంగీ' అన్నందుకు క్లాసంతా నవ్వితేనే చిక్కు. తెలంగాణ పిల్లలు ఎన్నో ఏళ్ళు ఆ నవ్వును భరించారు. 2014లో రాష్ట్రం వచ్చాక వాచకాలు మారాయి, పాలకుర్తికి దగ్గర్లోని బమ్మెర పోతన పద్యాలు పదో తరగతి వాచకంలో మొదటి పాఠంగా వచ్చాయి, బతుకమ్మ రాష్ట్ర పండుగయింది. తన ఊరి పేరు పుస్తకంలో కనిపిస్తే పిల్లవాడు నిటారుగా కూర్చుంటాడు. మరి అదే న్యాయం తీజ్ పండుగకూ చెల్లాలి కదూ! బతుకమ్మకు తొమ్మిది రోజులున్నట్టే తీజ్‌కూ తొమ్మిది రోజులు. శ్రావణమాసంలో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, రోజూ నీళ్ళు పోసి, పాటలు పాడి, చివరికి నిమజ్జనం చేస్తారు. బడిలో బతుకమ్మ పేర్చిననాడే తీజ్ బుట్ట కథ కూడా ఆ పిల్లల చేత చెప్పిస్తే ఎంత బాగుంటుంది! చెప్పే పిల్లకు ధైర్యం, వినే పిల్లకు లోకజ్ఞానం.

ఇక తిండి. పిల్లల మనసు కుదురుగా ఉండాలంటే ముందు కడుపు నిండాలి, అది మనకు ఒకరు చెప్పాలా! 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన అన్నమే పెట్టాలని ఆజ్ఞ ఇచ్చింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం అమలయింది. 2004లో అదే కోర్టు ఇంకొక మాట చెప్పింది: వంట చేసేవాళ్ళ నియామకంలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రాధాన్యం ఇవ్వాలని. ఎంత లోతైన మాటో ఆలోచించండి. ఎవరి చేతి వంట తినకూడదని పెద్దలు తరతరాలుగా అనుకున్నారో, వాళ్ళ చేతి అన్నం పిల్లలంతా ఒక్క బంతిలో కూర్చుని తింటారు. నీతిపాఠాలు వంద చెప్పినా రాని మార్పు ఒక్క బంతి భోజనంతో వస్తుంది, ఇళ్ళలో పెద్దవాళ్ళు దాన్ని చెడగొట్టకుండా ఉంటే.

చట్టం కూడా పిల్లల పక్షానే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టకూడదనీ, మాటలతో మనసు నొప్పించకూడదనీ స్పష్టంగా చెప్పింది. వీలైనంతవరకు తల్లిభాషలో చెప్పాలనీ, పిల్లవాడికి భయం, బెదురు లేకుండా చదువు సాగాలనీ కూడా చెప్పింది. ప్రభుత్వ బళ్ళలోనూ ఎయిడెడ్ బళ్ళలోనూ యాజమాన్య కమిటీ ఉండాలనీ, అందులో నూటికి డెబ్బై అయిదుగురు తల్లిదండ్రులే కావాలనీ, మొత్తంలో సగం ఆడవాళ్ళుండాలనీ రాసింది. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి మహిళా సంఘాల వాళ్ళకే పెద్దరికం ఇచ్చారు. కమిటీ అనగానే గోడలు, కుళాయిలు, సున్నం గుర్తొస్తాయి. అవీ కావాలి. వాటితో పాటు "మన బడిలో నోరు విప్పని పిల్లలెందరు? ఎందుకు?" అన్న ప్రశ్న కూడా ఆ కమిటీలో ఒక తల్లి అడగాలి.

పట్నంలో ఉన్న మనం ఏం చెయ్యగలమంటారా? మన పిల్లలు చదివే ప్రైవేటు బళ్ళకు ఆ కమిటీ నిబంధన వర్తించదు. కానీ పేరెంట్స్ మీటింగుకు పోతాం కదా! మార్కులతో పాటు తెలుగులో మాట్లాడితే జరిమానా వేస్తున్నారా అని అడుగుదాం. వేస్తుంటే కూడదని నలుగురం కలిసి చెబుదాం. ఒక్కరు చెబితే గొణుగుడు అవుతుంది, నలుగురు చెబితే మాట అవుతుంది.

రెండోది మన ఇల్లు. పిల్లలు వెక్కిరింపు పుట్టుకతో తెచ్చుకోరు, మన దగ్గరే నేర్చుకుంటారు. పనమ్మాయి మాట తీరును మనం అనుకరించి నవ్వితే, మన పాప రేపు బడిలో ఆ అమ్మాయి కూతుర్ని చూసి నవ్వుతుంది. పక్కింటివాళ్ళ తిండి గురించి ముక్కు చిట్లిస్తే, మన బాబు డబ్బా తెరిచేటప్పుడు పక్క పిల్లవాడి డబ్బా చూసి ముక్కు మూసుకుంటాడు. పాలకుర్తి వైపు నుంచో, ఇంకే పల్లె నుంచో బతుకుదెరువుకు వచ్చి మన వీధిలో ఉంటున్నవాళ్ళ పిల్లలు మన పిల్లల క్లాసులోనే ఉండవచ్చు. వాళ్ళ పేరు సరిగ్గా పలకడం మన పిల్లలకు నేర్పుదాం. పుట్టినరోజుకు పిలుద్దాం. "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అని ఆ పిల్లను అడిగి చూడండి, ఎన్ని మాటలు చెబుతుందో!

మూడోది, కనిపెట్టి ఉండటం. పొద్దున బడి టైముకే కడుపునొప్పి, నిద్రలో కలవరింత, తిండి తగ్గడం, ఇష్టమైన ఆట మానేయడం, ఇవన్నీ మాటరాని మాటలు. మందుబిళ్ళ వేసి పంపేముందు ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడగండి. కోప్పడకుండా వినండి. అవసరమైతే 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలిమానస్ వాళ్ళు మనసుకు సంబంధించిన సలహా ఉచితంగా చెబుతారు. పిల్లలకు ఆపద అనిపిస్తే 1098 ఉండనే ఉంది. డాక్టరుకు చెయ్యి చూపించడానికి లేని సిగ్గు మనసు చూపించడానికి ఎందుకు?

చివరగా పాలకుర్తి పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆడమనిషి ఒకరున్నారు, చాకలి ఐలమ్మ. కౌలుకు తీసుకుని సాగుచేసిన పొలం మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులొస్తే, సంఘం అండతో పంటను ఇంటికి చేర్చుకున్న తల్లి. 1985లో కన్నుమూశారు. ఆమె మాట్లాడింది పుస్తకాల భాష కాదు, ఊరి భాష. ఆ భాషలోనే దొరకు ఎదురు నిలిచారు. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం ఆమె పేరు పెట్టింది. పెద్ద చదువుల ద్వారం మీద ఆ పేరు రాసుకున్నాం, సంతోషం. ఇక చిన్నబడి గడపలో ఆమె లాంటి ఇళ్ళ పిల్లల మాట కూడా వినిపించాలి. అది మన చేతిలో ఉన్న పని.

సాయంత్రం పిల్లలు ఇంటికి రాగానే ఆ నాలుగో ప్రశ్న అడగడం మరిచిపోకండేం! వాళ్ళ క్లాసులో మాట్లాడని పిల్ల ఎవరైనా ఉందేమో అది కూడా అడగండి. "ఉందమ్మా" అంటే, రేపు ఆ పిల్ల పక్కన కూర్చోమని చెప్పండి.

సెలవు.