కుడి సీటుకు ఎన్ని దారులు



ఏరోనాటికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లల ముందు మాట్లాడమని పిలిచినప్పుడు, జీవితం గురించి పెద్ద మాటలు చెప్పకూడదని నిర్ణయించుకునే వచ్చాను. నేను విమానాలు నడిపి, ఆ తరువాత నడపబోయేవాళ్లకు నేర్పిన మనిషిని. ఏ కాలేజీకి వెళ్లినా నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, ఎయిర్‌లైన్ కేడెట్ ప్రోగ్రామ్‌లో చేరమంటారా, సొంతంగా సీపీఎల్ చేసుకోమంటారా?" పక్కకు పిలిచి అడిగేదాన్ని ఈరోజు మైకులోనే మాట్లాడుకుందాం. మీ ఇంట్లోవాళ్లు కూడా వినాలి.

ముందు అందరికీ ఒకటే ఉన్న సంగతి. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు, అంటే సీపీఎల్‌కు, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేవి దారిని బట్టి మారవు. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు ఒక్కోదానిలో 70 శాతం తెచ్చుకోవాలి. రేడియో పరీక్ష గట్టెక్కాలి. 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా. 300 నాటికల్ మైళ్లకు తగ్గని క్రాస్ కంట్రీ ఒకటి, రాత్రి ల్యాండింగులు, ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ ఉండాలి. కేడెట్‌గా ఎంపికైనవాడికైనా, ఫ్లయింగ్ క్లబ్బులో చేరినవాడికైనా చివరికి అదే లైసెన్సు, అవే గంటలు.

మరి కేడెట్ ప్రోగ్రామ్‌లో అదనంగా కట్టే డబ్బు దేనికి? ఎయిర్‌లైన్ ముందుగానే మిమ్మల్ని పరీక్షించి, ఇంటర్వ్యూ చేసి, తాను ఒప్పందం చేసుకున్న శిక్షణ సంస్థకు పంపుతుంది. గ్రౌండ్ క్లాసులు, ఫ్లయింగ్, మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, ఆపైన ఎయిర్‌బస్ ఏ320 లాంటి ఒక రకం విమానం నడిపే అర్హత, అంటే టైప్ రేటింగ్, అన్నీ ఒక వరసలో సాగిపోతాయి. సిమ్యులేటర్‌లో మొదటి రోజు నుంచే ఆ కంపెనీ పద్ధతులు, చెక్‌లిస్టులు అలవాటవుతాయి. శిక్షకుడిగా చెబుతున్నాను, ఇది చిన్న లాభం కాదు. వరస తెగకుండా నేర్చుకున్న కుర్రాడి చేతికి, మధ్యలో ఎనిమిది నెలలు ఖాళీగా ఇంట్లో కూర్చుని వచ్చిన కుర్రాడి చేతికి తేడా మొదటి అప్రోచ్‌లోనే తెలిసిపోతుంది. ఎంపిక కూడా ఒక వడపోతే. మీకు ఈ పని సరిపడదని కోటి ఖర్చయ్యాక తెలియడం కంటే పరీక్ష దశలోనే తెలియడం ఎంతో మేలు.

అయితే చేతికిచ్చే కాగితంలో ఏముందో చూడండి. దాదాపు ప్రతి ప్రోగ్రామ్‌లోనూ అది షరతులతో కూడిన ఉద్యోగ హామీ. మీరు అన్ని దశలూ దాటాలి, ఆనాటికి కంపెనీకి పైలట్లు అవసరమై ఉండాలి. రెండో షరతు మీ చేతిలో లేదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆఖరి విమానం నడిపి ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మే నెలలో దివాలా పిటిషన్ వేసింది. ఈ రెంటికీ మధ్య, 2020 మార్చి 25 నుంచి రెండు నెలలపాటు దేశీయ విమానాలే ఎగరలేదు. సర్వీసులు మళ్లీ మొదలైన తరువాత కూడా, లైసెన్సు చేతిలో పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన పిల్లలను నేను దగ్గరగా చూశాను. కేడెట్లూ ఉన్నారు, సొంతంగా చదివినవాళ్లూ ఉన్నారు. నింగిలో మళ్లీ రద్దీ పెరిగింది, అది నిజమే. ఈరోజు పైలట్ల కొరత అన్న మాట ప్రతి పేపర్లోనూ కనిపిస్తోంది. కానీ ఈరోజు చేరినవాడు కుడి సీట్లో, అంటే ఫస్ట్ ఆఫీసర్‌గా, కూర్చునేది రెండేళ్ల తరువాత. ఆనాటి పరిస్థితి ఈనాటి పేపర్లో ఉండదు.

అమ్మా, అయ్యా, ఈ మాట మీకు. కేడెట్ ప్యాకేజీలు కోటి రూపాయలు దాటుతున్నాయి. మన దేశంలోనే సొంతంగా సీపీఎల్ చేస్తే అరకోటి అటూ ఇటూ, టైప్ రేటింగ్‌కు మరో పదిహేను, ఇరవై లక్షలు అవుతాయి. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు బ్యాంకులు సాధారణంగా తనఖా అడుగుతాయి, అంటే ఇల్లో పొలమో. రెండెకరాలు కొనడానికి ముప్ఫై ఏళ్ల ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించే మనం, కోటి రూపాయల ఒప్పందం మీద బ్రోషరు చూసి సంతకం పెడుతున్నాం. దయచేసి అలా చేయకండి.

ఆ ఒప్పందంలో వెతకాల్సినవి చెబుతాను. డబ్బు ఒకేసారి కట్టాలా, దశలవారీగానా? మధ్యలో ఆగిపోతే ఎంత వెనక్కి వస్తుంది? వానలకో, విమానం రిపేరుకో శిక్షణ ఆలస్యమైతే ఆ నెలల ఖర్చు ఎవరిది? సిమ్యులేటర్ చెక్‌లో ఒకసారి తప్పితే ఎన్ని అవకాశాలిస్తారు, ఆ అదనపు సెషన్లకు ఎవరు కడతారు? ఇన్నేళ్లు పనిచేయాలన్న బాండు ఏ రోజు నుంచి మొదలవుతుంది? అన్నిటికంటే ముఖ్యం, కంపెనీ ఉద్యోగం ఇవ్వలేకపోతే మీ లైసెన్సుతో మీరు వేరే చోటికి స్వేచ్ఛగా వెళ్లొచ్చా? ఈ ప్రశ్నలకు రాతలో జవాబు ఇవ్వని చోటుకు పిల్లల్ని పంపొద్దు.

సొంతదారి సుఖమని కూడా నేను అనను. అక్కడ నష్టం డబ్బు రూపంలో కంటే కాలం రూపంలో ఎక్కువ. రెండు విమానాలు షెడ్డులో, ఒకటి ఎగురుతూ, ముప్ఫైమంది వంతు కోసం కాచుకుని ఉండే క్లబ్బుల్లో 200 గంటలకు మూడేళ్లు పట్టిన సందర్భాలున్నాయి. 2025లో డీజీసీఏ తొలిసారి శిక్షణ సంస్థలకు శ్రేణులు ప్రకటించినప్పుడు అన్నీ బి, సి శ్రేణుల్లోనే నిలిచాయి, పైన ఒక్కటీ లేదు. కాబట్టి చేరేముందు అక్కడికి వెళ్లి రెండు రోజులు ఉండండి. ఆఫీసులో కాదు, హ్యాంగరు దగ్గర. ఎగరగలిగిన విమానాలు ఎన్ని, శిక్షకులు ఎందరు, పోయిన నెలలో ఒక్కో విద్యార్థి ఎన్ని గంటలు ఎగిరాడు అని అక్కడి పిల్లలనే అడగండి. లాగ్‌బుక్కులో గంటలు సర్దిపెడతామని ఎవరైనా అంటే అక్కడినుంచి వెంటనే వచ్చేయండి. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు తీసుకున్నవాళ్ల సంగతి బయటపడి అరెస్టులు జరిగాయి. ఎగరని గంటలను లాగ్‌బుక్కులో రాసుకున్నవాడు ఒకనాడు వెనక నూట ఎనభైమందిని కూర్చోబెట్టుకుని దిగాల్సి ఉంటుంది.

సొంతంగా వెళ్లేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇంకొకటి. సీపీఎల్ రాగానే, పిలుపు లేకుండానే ఇరవై లక్షలు పెట్టి టైప్ రేటింగ్ చేయించుకుంటారు. ఎయిర్‌బస్ చేస్తే బోయింగ్ వాళ్లు పిలుస్తారు, ఏదీ రాకపోతే ఆ రేటింగ్ గడువు దగ్గరపడుతుంది. ఆఫర్ చేతికి వచ్చాకే ఆ ఖర్చు పెట్టండి. ఈలోగా ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసుకుని ఇతరులకు నేర్పండి. జీతం తక్కువే కానీ గంటలు పెరుగుతాయి, చెయ్యి మొద్దుబారదు. నేర్పితేగాని నేర్చుకోని విషయాలు ఫ్లయింగ్‌లో చాలా ఉన్నాయి.

అమెరికా గురించి కూడా అడుగుతారు, మన ఇళ్లలో అది మామూలే. అక్కడ వాతావరణం బాగుంటుంది, విమానాలు ఎక్కువ, శిక్షణ త్వరగా పూర్తవుతుంది. నిజం. కానీ 2009లో బఫెలో దగ్గర జరిగిన కోల్గన్ ఎయిర్ ప్రమాదం తరువాత, 2013 నుంచి అక్కడి ఎయిర్‌లైన్స్‌లో ఫస్ట్ ఆఫీసర్‌కు కూడా సాధారణంగా 1500 గంటలు కావాలి. చదువు వీసా మీద వెళ్లి అక్కడే ఎయిర్‌లైన్‌లో చేరిపోవచ్చన్న ఆశతో మాత్రం వెళ్లకండి. తిరిగివచ్చి మన పరీక్షలు రాసి, లైసెన్సు మార్పించుకోవడానికి పట్టే నెలలు కూడా లెక్కలో వేసుకోండి.

ఇక డబ్బు కట్టనవసరం లేని దారి ఒకటి మన పక్కనే, దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలో ఉంది. ఏఎఫ్‌క్యాట్ ప్రవేశ పరీక్ష రాసి వైమానిక దళం ఫ్లయింగ్ బ్రాంచ్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్‌కు వెళ్లొచ్చు. వయసు 20 నుంచి 24, డీజీసీఏ సీపీఎల్ ఉంటే 26 వరకు. అక్కడి పైలట్ ఎంపిక పరీక్షలో తప్పితే మళ్లీ రాసే అవకాశం లేదు. 14 ఏళ్ల సర్వీసు. దీన్ని ఎయిర్‌లైన్‌కు దగ్గరిదారిగా చూసేవాళ్లు వెళ్లొద్దని నా కోరిక. అది సైనికుడి జీవితం, ఆ మనసున్నవాళ్లే ఆ యూనిఫాం వేసుకోవాలి.

నా తీర్పు అడిగితే ఇదీ. మీరు కట్టే కోటి రూపాయలు పూర్తిగా పోయినా మీ ఇల్లు నిలబడగలిగితే, ఒప్పందం శుభ్రంగా ఉంటే, కేడెట్ ప్రోగ్రామే మెరుగైన శిక్షణ. వెళ్లండి. ఉన్న ఒక్క పొలాన్ని తాకట్టు పెట్టాల్సి వస్తే వెళ్లకండి. మీకు డిగ్రీ ఉంది, ఇంజనీరుగా రెండేళ్లు పనిచేయండి. ఆ జీతంతో, సాయంత్రాలు కూర్చుని డీజీసీఏ పేపర్లు గట్టెక్కించండి. టెక్నికల్ పేపర్లు, మెటియరాలజీ మీకు మిగతావాళ్లకంటే సులువు. ఆ తరువాత చిన్న అప్పుతో మొదలుపెట్టండి. ఇరవై నాలుగేళ్లకు మొదలుపెట్టినవాడు ఆలస్యమైపోయినట్టు కాదు. ఇరవై ఏళ్లకు కోటి అప్పుతో మొదలుపెట్టి, మొదటి సిమ్యులేటర్ చెక్ రోజున వాయిదా గురించి ఆలోచించేవాడి పరిస్థితే నాకు భయం.

ఇంటికి వెళ్లి మొదట చేయాల్సిన పని మాత్రం అందరికీ ఒకటే. క్లాస్ టూ, ఆపైన క్లాస్ వన్ మెడికల్ చేయించుకోండి. రంగులు గుర్తించే చూపులో లోపం, గుండెలో మీకే తెలియని చిన్న తేడా ఇక్కడే బయటపడతాయి. ఆ క్లాస్ వన్ ఫిట్‌నెస్ కాగితం చేతికి వచ్చేదాకా ఏ అకాడమీకీ, ఏ ఏజెంటుకూ ఒక్క రూపాయి అడ్వాన్సు కట్టకండి.