తలకెంత?
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



దేశ ఆర్థిక పరిస్థితి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చదివింది పదో తరగతి. అందుకే దువ్వూరి సుబ్బారావు గారి మాటతో మొదలుపెడతాను. ఆయన ఏలూరులో పుట్టినాయన. ఉమ్మడి రాష్ట్రంలో ఆర్థిక కార్యదర్శిగా చేశారు. 2008 నుంచి 2013 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు.

2024 ఏప్రిల్‌లో హైదరాబాదులో తన పుస్తకం సభలో ఆయన ఒక మాటన్నారు. మన దేశం ప్రపంచంలో మూడో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయినా పేద దేశంగానే ఉండిపోవచ్చు, అప్పుడే సంబరపడొద్దు అని. పేపర్లో చదివి ముందు నాకు కోపం వచ్చింది. ఎదుగుతుంటే ఎందుకండీ అలా అనడం అనుకున్నాను.

తర్వాత లెక్క చూశాను. దేశం మొత్తం ఆదాయం పెద్దదే, ఎందుకంటే మనం 140 కోట్ల మందిమి. తలకు పంచితే ఏడాదికి సుమారు 2,600 డాలర్లు అని ఆయన చెప్పారు. మన డబ్బులో రెండు లక్షల పైమాట. జీ-20 దేశాల్లో ఇదే అడుగు. ఆ రెండు లక్షలైనా సగటే. కోటీశ్వరుణ్ణి, కోతకెళ్లే పిన్నిని కలిపి పంచిన లెక్క అది.

ఇక మన ఇంటికొద్దాం. పోయిన ఏడాది మా సంఘానికి 10 లక్షల బ్యాంకు లింకేజీ వచ్చింది. పది మందిమి, తలకు లక్ష. మీటింగులో చప్పట్లు కొట్టాం. పుస్తకం తీసి చూస్తే ముగ్గురమే 6 లక్షలు తీసుకున్నాం. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను, దాచడమెందుకు. కూలికెళ్లే ఒక అక్క 20 వేలే రాయించుకుంది. "కిస్తీ తప్పితే మీ అందరికీ మాటొస్తుంది కదమ్మా" అంది. ఆమెకు ఎంత కావాలని మేమెవరం అడగలేదు. ఆమె చెప్పిందే రాసుకుని సంతకం పెట్టించుకున్నాం.

పెద్ద దేశం కావడం వేరు, అభివృద్ధి చెందడం వేరు అని చెప్పడానికి సుబ్బారావు గారు సౌదీ అరేబియాను చూపించారు. డబ్బుంది గానీ అభివృద్ధి చెందిన దేశం కాదని. మనలో గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్లున్నారు, వాళ్లకు ఇది నేను చెప్పాలా! అభివృద్ధికి చట్టబద్ధ పాలన, జవాబుదారీతనం, స్వతంత్ర సంస్థలు కావాలన్నారు. జవాబుదారీతనం అంటే మనకు ఆడిట్, మినిట్స్ పుస్తకం. అది మనకు కొత్త కాదు.

ఒక్క దగ్గర మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. అప్పు తెచ్చి ఉచితాలు పంచడం తగ్గించాలంటారు. పేదలకు కొంత ఆసరా ఉండాలని కూడా అంటారు లెండి. కానీ ఆ గీత ఎక్కడ గీయాలి? రేషన్ బియ్యం లేకపోతే ఆ అక్క ఆ 20 వేలు కూడా అడిగేది కాదు. గీత గీసేటప్పుడు ఆమెను కూడా కూర్చోబెట్టాలి.

చివరిగా సమాఖ్యకు నా విన్నపం. ఈ నివేదికలో అప్పుల మొత్తం వేశారు, బావుంది. వచ్చే ఏడాది దాని పక్కన ఇంకో గడి గీయండి. ప్రతి గ్రామ సంఘంలో 25 వేల లోపు అప్పుతో ఆగిపోయిన సభ్యులెందరో అందులో రాయండి. మా సంఘం నుంచి ఒక పేరు తగ్గొచ్చు. ఆ అక్క మొన్న మీటింగులో గేదె కొంటాను, 70 వేలు రాయమంది. ఈసారి నా వంతు తగ్గించి రాశాం.