సెలవులకు వెళ్లే ఊరు

చిన్న తరగతుల టీచర్‌ని కాబట్టి పిల్లల గురించే మాట్లాడమన్నారు. నేను చేసిన ఒక పొరపాటు చెప్తాను.

బాలాపూర్ అనగానే మనకు గుర్తొచ్చేది వినాయకుడి లడ్డూ వేలం. ఎల్బీ నగర్ నుంచి కర్మన్‌ఘాట్, మీర్‌పేట దాటితే వచ్చే ఆ బాలాపూర్‌లోనే మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు టార్పాలిన్ కప్పిన గుడిసెల్లో ఉంటున్నాయి. 1982 పౌరసత్వ చట్టం వాళ్లను పుట్టిన దేశంలోనే పరాయివాళ్లను చేసింది. 2017లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందే కొందరు ఇక్కడిదాకా వచ్చారు.

ఆ బస్తీ పాప ఒకతె మా మూడో తరగతిలో చేరింది. మంచే చేస్తున్నాననుకుని, అందరి ముందూ నిలబెట్టి "మీ ఊరి గురించి చెప్పమ్మా" అన్నాను. పాప గౌను అంచు నలుపుతూ నేల చూసింది. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు తల్లి తీసుకొచ్చింది. నన్ను ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

ఇక ఆ పాపను కదపలేదు. మిగతా పిల్లలను అడిగాను, సెలవులకు ఏ ఊరు పోతారని. నల్గొండ, దేవరకొండ, కల్వకుర్తి... దిల్‌సుఖ్‌నగర్‌లో వేరే ఊరి నుంచి రాని ఇల్లు ఎక్కడుంది! దసరా ముందు ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సుల కోసం నిలబడే జనాన్ని చూస్తే తెలుస్తుంది. "ఇక ఎప్పటికీ ఆ ఊరు పోవద్దంటే?" అన్నాను. "మరి మా తాత?" అన్నాడొకడు. "మా కుక్క?" అంది ఇంకో పిల్ల. శరణార్థి అనే మాట బోర్డు మీద రాసింది ఆ తర్వాతే.

తర్వాత మ్యాపు తీశాను. బతుకుదెరువుకు బర్మా వెళ్లిన మనవాళ్లను అక్కడ కోరంగీలనేవారు, మన కోరంగి రేవు పేరుతో. 1942లో జపాన్ సైన్యం రంగూన్‌ను పట్టుకున్నప్పుడు లక్షల మంది భారతీయులు కొండలు దాటి నడిచి వచ్చారు. కొందరు నడిచింది అరకాన్ మీదుగా. ఇప్పుడు రఖైన్ అంటున్నది ఆ నేలనే. రోహింగ్యాలు వచ్చిందీ అక్కడి నుంచే. 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు స్వాధీనం చేసుకుంటే మళ్లీ మనవాళ్లు ఓడలెక్కి తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ ఆ గుర్తే. ఆ రోజుల్లో కొంతకాలం ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి. ఎల్బీ నగర్‌లోని ఎల్బీ ఎవరో మా పిల్లలకు అప్పుడు తెలిసింది.

ఒక తండ్రి వచ్చాడు. "2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు మా తమ్ముడు అక్కడే ఉన్నాడు మేడమ్. ఈ పాఠాలు ఎందుకు?" అన్నాడు. ఆ పేలుళ్లకూ ఈ పాపకూ ఏం సంబంధమని వాదించబోయి ఆగాను. ఆయన భయం అబద్ధం కాదు. "దేశంలో ఎవరుండాలో తేల్చేది ప్రభుత్వం, కోర్టులు. నా క్లాసులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చూసేది మాత్రం నేను" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కొడుకును బడి మాన్పించనూ లేదు.

నెల తర్వాత ఆ పాప తనంతట తనే మ్యాపు దగ్గరికొచ్చి రఖైన్ మీద వేలు పెట్టింది. "ఇది మా అమ్మది" అంది. "మరి నీది?" అన్నాను. "బాలాపూర్" అంది. పుట్టింది ఇక్కడేనట.